మూడు కిలోల ఎనిమిది వందలు

బస్తోస్ ఊరి చివర, నకాజాతో వాళ్ళ షెడ్డులో
దాణా కలిపేది నేనే, జెనేజియోని.
పన్నెండు వేల కౌజుపిట్టలు.
ఒక్కోటి గుప్పెట్లో ఇమిడిపోతుంది,
మూత పెట్టిన టీ గ్లాసంత వెచ్చగా.
కోళ్ళలా పొద్దున్నే పెట్టవు ఇవి.
ఎండ వాలి, రేకులు టకటకమని చల్లబడే వేళ
ఒకటి, ఇంకొకటి, ఆ పైన లెక్క తప్పేంత,
సిరా విదిల్చినట్టు మచ్చల గుడ్లు
వాలు పళ్ళెంలోకి దొర్లుకుంటూ వస్తాయి.

ఒక పిట్ట మచ్చలు ఇంకో పిట్టకి రావట.
గుడ్డు చూసి ఏ బోనుదో చెప్పేస్తుంది హత్సుయె గారు.
నేను నమ్మను.
రెండుసార్లు పందెం కాశాను, రెండుసార్లూ ఓడాను.

మొక్కజొన్న, సోయా చెక్క, సున్నపురాయి పొడి:
కడుపు నిండడానికి ఇవి చాలు.
గుడ్డు నిండడానికి చాలవు.
అందుకే చిన్న చిన్న సంచులు, తాళం వేసిన గదిలో.
లైసిన్ ఇంత, థ్రియోనిన్ ఇంత.
మెథియోనిన్ సంచి విప్పానంటే
ఉడికి మాడిన క్యాబేజీ వాసన.
ఆ చొక్కాతో మా ఇవనీల్దె
నన్ను గడప తొక్కనివ్వదు.

టన్నుకి మూడు కిలోల ఎనిమిది వందలు.
నాలుగేళ్ళుగా గోడ మీద అదే అంకె, నీలం పెన్నుతో.
జూన్‌లో కంపెనీవాళ్ళు కొత్త కాగితం పంపారు, అచ్చువేసింది.
కిలోలు లేవు. శాతాలు.
సున్నా, కామా, ముప్పై ఎనిమిది.
నేను మూడు వందల ఎనభై గ్రాములు తూచాను.
శ్రద్ధగానే తూచాను. అదే ఇప్పుడు సిగ్గు.

పిట్టలు ఏమీ అనలేదు.
తొట్టి ఖాళీ చేశాయి, నీళ్ళు తాగాయి,
సాయంత్రమయ్యేసరికి గుడ్డు పెట్టాయి.
మొదటి వారం ట్రేలు ఎప్పటిలానే నిండాయి.
రెండో వారం త్రాసు ముల్లు
వెంట్రుకవాసి వెనక్కి నిలబడింది.
త్రాసుకి తుప్పు పట్టిందనుకున్నాను.

హత్సుయె గారు ఏమీ అనుకోలేదు.
బోను తలుపు తీసి ఒక పిట్టని పట్టుకుంది,
రొమ్ము మీది ఈకలు ఊది విడదీసింది,
నా బొటనవేలు తీసి అక్కడ పెట్టింది.
ఎముక.
చెక్కిన పెన్సిల్‌లా ఎముక.
అటూ ఇటూ ఉండాల్సిన కండ లేదు.
మరి గుడ్డెక్కడిది అన్నాను.
"ఇక్కడిదే" అంది.

వాళ్ళ నాన్న సావో పావులోలో
జపనీస్ పేపరుకి అచ్చులు కూర్చేవాడట.
వేల అక్షరాలు, ఒక్కోదానికి ఒక్కో గూడు.
అర్ధరాత్రి ఒక్క గూడు ఖాళీ అయితే
మిగతా గూళ్ళు పొంగిపొర్లుతున్నా వాక్యం ముందుకు జరగదు.
అప్పుడాయన నిన్నటి పేజీ విప్పేవాడు,
కట్టిన వరసలోంచి ఆ అక్షరం పీకేవాడు.
తెల్లారేసరికి పేపరు వచ్చేది.
చదివినవాళ్ళకి ఏమీ తెలిసేది కాదు.
"ఒంట్లో అల్లే ప్రతి మాంసకృత్తూ
ఈ కంపు పొడితోనే మొదలవుతుంది, జెనేజియో.
మొదటి అక్షరమే లేకపోతే
పాపం అవి మాత్రం ఏం రాస్తాయి?"

నన్ను తిట్టలేదు. జీతం కోయలేదు.
అచ్చు కాగితం చించలేదు కూడా.
దాని పక్కన, బొగ్గుముక్కతో,
నా చేతే పెద్దగా రాయించింది: 3 కిలోల 800.

ఆ పిట్ట కాలికి ఎర్ర దారం కట్టాను.
మళ్ళీ సరైన దాణా పడ్డాక కూడా
అయిదు రోజులు అది పెట్టలేదు.
దాని పళ్ళెం ముందు ఆగేవాడిని,
పని లేకపోయినా ఆగేవాడిని.
ఆరో సాయంత్రం ఒకటి దొర్లింది.
చిన్నది, తొమ్మిది గ్రాములో ఏమో, తూచలేదు.
ఒక పక్క మచ్చలన్నీ గుంపు కట్టి
రెండో పక్క ఉత్త తెలుపు.

తీసుకెళ్ళి ఆవిడ అరచేతిలో పెట్టాను,
ఏ బోనుదో చెప్పకుండా.
ఈసారి పందెం కాయలేదు.